పాఠం 9: నిరపేక్ష ప్రయోజనం – తులనాత్మక ప్రయోజనం

ఉపోద్ఘాతం

గత పాఠంలో మీరు శ్రమ విభజన గురించి చదివారు. గుండుసూదుల కార్ఖానాలో పదిమంది పనిని పంచుకుని చేస్తే రోజుకు 48,000 సూదులు తయారవుతాయని ఆడమ్ స్మిత్ 1776లో చెప్పిన లెక్క మీకు గుర్తుండే ఉంటుంది. పని పంచుకోవడం మంచిదే. కానీ ఎవరికి ఏ పని ఇవ్వాలి? అన్ని పనులూ బాగా వచ్చినవారు ఒకరు, ఏ పనీ అంత బాగా రానివారు మరొకరు ఉన్నప్పుడు ఆ ఇద్దరి మధ్య పంపకం ఎలా జరగాలి? మొదటివారు రెండోవారి దగ్గర కొనవలసిన అవసరం అసలు ఉంటుందా?

ఇది దేశాల మధ్య వ్యాపారానికి సంబంధించిన ప్రశ్న. మన ఇంటి ముంగిట్లో నిలబడే ప్రశ్న కూడా. "నాకంటే అన్నీ బాగా చేసేవాళ్ళు ఇంతమంది ఉండగా నా పని ఎవరికి కావాలి?" అని చదువు మధ్యలో ఆపేసినవారు అనుకోవడం మనం తరచుగా వింటాం. ఈ మాటకు అర్థశాస్త్రంలో ఒక జవాబు ఉంది. ఆ జవాబును లెక్క వేసి చూపించడమే ఈ పాఠం ఉద్దేశం. ఆ జవాబు ఎంతవరకు పనికి వస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో కూడా చూద్దాం.

ఉదాహరణలను జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ నుంచి తీసుకున్నాం. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి "టాటా"కు పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కదమా, సోనారి, బిష్టుపూర్ పేటల్లో నడుస్తుంటే తెలుగు మాటలు వినిపిస్తాయి. ఏ సరుకు ఎక్కడ తయారు కావాలి అనే ప్రశ్నకు ఆ ఊరి చరిత్రే మంచి పాఠం.

కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదవండి. లెక్కలు చిన్నవే. అయితే ప్రతి లెక్కనూ మీ చేత్తో మీరు వేసి చూసుకోవాలి.

9.1 ఇద్దరు తోడికోడళ్ళు

కదమాలో పక్కపక్క ఇళ్ళలో ఇద్దరు తోడికోడళ్ళు ఉన్నారనుకుందాం. ఇద్దరూ ఇంటి పని అయ్యాక వారానికి 24 గంటలు వేరే పని చేయగలరు. ఇద్దరికీ జాకెట్లు కుట్టడం వచ్చు, అప్పడాలు చేయడం వచ్చు. వారికి పట్టే సమయం ఇలా ఉంది. (ఈ అంకెలు లెక్క కోసం అనుకున్నవి.)

పెద్ద తోడికోడలు: ఒక జాకెట్టుకు 2 గంటలు, వంద అప్పడాలకు 4 గంటలు.
చిన్న తోడికోడలు: ఒక జాకెట్టుకు 6 గంటలు, వంద అప్పడాలకు 6 గంటలు.

చూడండి, పెద్దామెకు రెండు పనుల్లోనూ తక్కువ సమయం పడుతోంది. ఒకే వస్తువును ఇంకొకరికంటే తక్కువ శ్రమతో తయారు చేయగలిగితే, ఆ వస్తువులో వారికి నిరపేక్ష ప్రయోజనం ఉందంటాం. "నిరపేక్ష" అంటే మరో వస్తువుతో పోల్చకుండా అని ఇక్కడ అర్థం. జాకెట్లలో ఎవరు ముందు? పెద్దామె. అప్పడాల్లో ఎవరు ముందు? మళ్ళీ పెద్దామే.

ఒకరికి ఒక పని, ఇంకొకరికి మరొక పని బాగా వస్తే చిక్కేమీ లేదు. దర్జీ తన చెప్పులు తాను కుట్టుకోడు, చెప్పులు కుట్టేవాడు తన బట్టలు తాను కుట్టుకోడు. ఇది ఎవరికైనా తెలిసిన సంగతే. ఆడమ్ స్మిత్ దేశాల గురించి కూడా ఇలాగే వాదించాడు. చలి దేశమైన స్కాట్లాండులో అద్దాల గదులు కట్టి ద్రాక్ష పండించి సారా తీయవచ్చు. కానీ బయటి నుంచి తెప్పించుకునే దానికి ముప్ఫై రెట్లు ఖర్చవుతుందని లెక్క చెప్పాడు. అంత ఖర్చు పెట్టడం తెలివితక్కువతనం కాదా అని అడిగాడు.

మన తోడికోడళ్ళ విషయం అలా లేదు. చిన్నామె అనుమానం ఇలా ఉంటుంది:

"రెండూ నీకే బాగా వచ్చు కదక్కా. ఇంక నాతో నీకేం పని?"

"పనుంది చెల్లీ. నేను అప్పడాల పీట ముందు కూర్చున్నంతసేపూ నా మిషను ఖాళీగా ఉంటోంది. అది చూశావా?"

పెద్దామె మాటలోనే ఈ పాఠం సారమంతా ఉంది. దాన్ని ఇప్పుడు అంకెల్లో పెడదాం.

పాఠ్యగత ప్రశ్న 1
వారి అత్తగారికి జాకెట్టు కుట్టడానికి 8 గంటలు, వంద అప్పడాలకు 3 గంటలు పడుతుందనుకోండి. పెద్ద కోడలితో పోలిస్తే ఎవరికి దేనిలో నిరపేక్ష ప్రయోజనం ఉంది?

9.2 వదులుకున్నది ఎంత?

ఒక పని చేస్తున్నామంటే ఆ సమయంలో చేయగలిగిన ఇంకొక పనిని వదులుకుంటున్నామన్న మాట. అలా వదులుకున్న దాన్ని అవకాశ వ్యయం అంటారు. చేతి నుంచి డబ్బు పోకపోయినా ఇది ఖర్చే. ఖాతా పుస్తకంలో కనిపించదు కాబట్టి చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు.

పెద్దామె వంద అప్పడాలు చేయడానికి 4 గంటలు పెడుతుంది. ఆ 4 గంటల్లో ఆమె 2 జాకెట్లు కుట్టగలిగేది. అంటే ఆమెకు వంద అప్పడాల అవకాశ వ్యయం 2 జాకెట్లు.

చిన్నామె వంద అప్పడాలకు 6 గంటలు పెడుతుంది. ఆ 6 గంటల్లో ఆమె ఒకే ఒక జాకెట్టు కుట్టగలిగేది. అంటే ఆమెకు వంద అప్పడాల అవకాశ వ్యయం 1 జాకెట్టు.

ఇప్పుడు పోల్చండి. గంటల్లో చూస్తే పెద్దామె అప్పడాలే చవక: 4 గంటలు, 6 గంటలు. వదులుకున్న జాకెట్లలో చూస్తే చిన్నామె అప్పడాలే చవక: 1 జాకెట్టు, 2 జాకెట్లు. ఒక వస్తువును ఇంకొకరికంటే తక్కువ అవకాశ వ్యయంతో తయారు చేయగలిగితే, ఆ వస్తువులో వారికి తులనాత్మక ప్రయోజనం ఉందంటాం. అప్పడాల్లో తులనాత్మక ప్రయోజనం చిన్నామెది.

మరి జాకెట్ల సంగతి? లెక్కను తిరగేయండి. ఒక జాకెట్టు కోసం పెద్దామె వదులుకునేది యాభై అప్పడాలు. చిన్నామె వదులుకునేది వంద. కాబట్టి జాకెట్లలో తులనాత్మక ప్రయోజనం పెద్దామెది. ఇక్కడ ఒక విషయం గమనించండి. నిరపేక్ష ప్రయోజనం రెండు వస్తువుల్లోనూ ఒకరికే ఉండవచ్చు. తులనాత్మక ప్రయోజనం మాత్రం రెండింటిలోనూ ఒకరికే ఉండడం వీలు కాదు. ఒకరి అప్పడాలు జాకెట్లలో ఖరీదైతే, వారి జాకెట్లు అప్పడాల్లో చవక అయి తీరాలి. రెండూ ఒకే నిష్పత్తిని అటు నుంచి ఒకసారి, ఇటు నుంచి ఒకసారి చదవడమే.

పరీక్షలో విద్యార్థులు ఎక్కువగా తికమక పడేది ఒకచోట. కొన్ని లెక్కల్లో ఒక వస్తువుకు పట్టే గంటలు ఇస్తారు. అప్పుడు చిన్న అంకె మేలు. కొన్ని లెక్కల్లో ఒక గంటలో తయారయ్యే వస్తువులు ఇస్తారు. అప్పుడు పెద్ద అంకె మేలు. ఏ రకం అంకెలు ఇచ్చారో ముందు చూసి, ఆ తరువాతే పెన్సిలు కదపండి.

పాఠ్యగత ప్రశ్న 2
జంషెడ్‌పూర్ పక్కన ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడ వస్తుంది. అక్కడి చిన్న షెడ్లలో లారీలకు కావలసిన విడిభాగాలు తయారవుతాయి. ఒక షెడ్డులో గంటకు 60 బోల్టులు గానీ 20 బుష్‌లు గానీ చేయగలరనుకుందాం. రెండో షెడ్డులో గంటకు 30 బోల్టులు గానీ 15 బుష్‌లు గానీ చేయగలరు. బుష్‌లలో తులనాత్మక ప్రయోజనం ఎవరిది? ఒక బుష్ ఎన్ని బోల్టులకు మారితే ఇద్దరికీ లాభం?

9.3 లాభం ఎంత, ఎవరికి ఎంత?

మొదట ఎవరి పని వారే చేసుకుంటున్నారనుకోండి. ఇద్దరూ తమ 24 గంటలను సగం సగం చేశారు. పెద్దామె 12 గంటల్లో 6 జాకెట్లు, మిగతా 12 గంటల్లో 300 అప్పడాలు చేసింది. చిన్నామె 2 జాకెట్లు, 200 అప్పడాలు చేసింది. రెండిళ్ళలో కలిపి 8 జాకెట్లు, 500 అప్పడాలు.

ఇప్పుడు పని మార్చుకున్నారు. చిన్నామె 24 గంటలూ అప్పడాలే చేసింది: 400 వచ్చాయి. పెద్దామె 4 గంటలు అప్పడాలకు ఇచ్చి ఒక వంద చేసింది. మిగిలిన 20 గంటల్లో 10 జాకెట్లు కుట్టింది. రెండిళ్ళలో కలిపి 10 జాకెట్లు, 500 అప్పడాలు.

అప్పడాలు తగ్గలేదు, జాకెట్లు రెండు పెరిగాయి. ఎవరూ ఒక్క గంట ఎక్కువ పని చేయలేదు. ఎవరి చేతి వేగమూ పెరగలేదు. కొత్త మిషను కొనలేదు. పని చేతులు మారింది, అంతే. ఈ రెండు జాకెట్లు ఎక్కడి నుంచి వచ్చాయో మీ మాటల్లో ఒక వాక్యం రాసుకోండి. అది రాయగలిగితే ఈ పాఠంలో సగం మీకు వచ్చినట్టే.

ఆ రెండు జాకెట్లు ఎవరికి చెందాలి? ఇది వేరే ప్రశ్న. చాలా పుస్తకాలు దీన్ని తొందరగా దాటేస్తాయి. మనం కాసేపు ఆగుదాం.

వంద అప్పడాలకు ఒక జాకెట్టుకంటే తక్కువ వస్తే చిన్నామె ఒప్పుకోదు. ఆ జాకెట్టు తానే కుట్టుకోవచ్చు. రెండు జాకెట్లకంటే ఎక్కువ అడిగితే పెద్దామె ఒప్పుకోదు; ఆ అప్పడాలు తానే చేసుకోవచ్చు. కాబట్టి బేరం ఒకటికీ రెండుకూ మధ్య ఎక్కడో తెగాలి. దీన్ని వినిమయ రేటు అంటారు. వందకు ఒకటిన్నర జాకెట్టు అని ఒప్పుకున్నారనుకుందాం. చిన్నామె 200 అప్పడాలు ఇచ్చి 3 జాకెట్లు తీసుకుంది. ఇప్పుడు ఆమె దగ్గర 200 అప్పడాలు, 3 జాకెట్లు ఉన్నాయి. ఇంతకు ముందు 200, 2 ఉండేవి. పెద్దామె దగ్గర 300 అప్పడాలు, 7 జాకెట్లు ఉన్నాయి. ఇంతకు ముందు 300, 6 ఉండేవి. చెరొక జాకెట్టు లాభం.

అదే బేరం వందకు ఒక జాకెట్టు దగ్గర తెగితే? చిన్నామెకు 200 అప్పడాలకు 2 జాకెట్లే వస్తాయి. ఆమె ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. లాభం రెండు జాకెట్లూ పెద్దామెకే. అప్పుడు కూడా "మొత్తం ఉత్పత్తి పెరిగింది" అనే మాట నిజమే. ఎవరి ఇంట్లో పెరిగింది అని అడిగితేనే తేడా తెలుస్తుంది. పెరుగుదల ఉందని సిద్ధాంతం చెబుతుంది. పంపకం మాత్రం బేరమాడే బలాన్ని బట్టి ఉంటుంది: వెంటనే డబ్బు అవసరమా, ఇంకొక కొనుగోలుదారు దొరుకుతారా, నలుగురూ కలిసి ధర చెప్పగలరా అన్న వాటిని బట్టి.

డబ్బు వచ్చి మధ్యలో చేరితే ఈ లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఒక జాకెట్టు కుట్టుకూలి 100 రూపాయలు, వంద అప్పడాల ధర 150 రూపాయలు అనుకోండి. చిన్నామెకు 6 గంటలు కుడితే 100 వస్తుంది, 6 గంటలు అప్పడాలు చేస్తే 150 వస్తుంది. ఆమె అప్పడాలే చేస్తుంది. పెద్దామెకు 4 గంటలు కుడితే 200 వస్తుంది, అప్పడాలు చేస్తే 150 వస్తుంది. ఆమె కుడుతుంది. తులనాత్మక ప్రయోజనం అనే పేరు వినకపోయినా ఇద్దరూ దాని ప్రకారమే నడుచుకుంటారు.

కానీ గంటకు వచ్చే ఆదాయం చూడండి. చిన్నామెకు 25 రూపాయలు, పెద్దామెకు 50. ఏ పని ఎంచుకోవాలో తులనాత్మక ప్రయోజనం చెబుతుంది. ఆ పనికి ఎంత ప్రతిఫలం వస్తుందన్నది చాలావరకు నిరపేక్ష సామర్థ్యం మీద ఆధారపడుతుంది. "నీకూ ఒక చోటు ఉంది" అని సిద్ధాంతం ఇచ్చే భరోసా నిజమైనదే. ఆ చోటులో కూలి బాగుంటుందని మాత్రం అది హామీ ఇవ్వదు.

పాఠ్యగత ప్రశ్న 3
చిన్న తోడికోడలు కుట్టు శిక్షణకు వెళ్ళింది. (అ) ఆమెకు జాకెట్టుకు 3 గంటలే పడుతోంది. అప్పడాలకు మామూలుగానే 6 గంటలు. ఇప్పుడు ఇద్దరి మధ్య మార్పిడి వల్ల లాభం ఉందా? (ఆ) ఇంకా సాధన చేసి 2 గంటలకు తెచ్చింది. ఇప్పుడు అప్పడాల్లో తులనాత్మక ప్రయోజనం ఎవరిది?

9.4 రికార్డో లెక్క

ఈ ఆలోచనను ప్రపంచం ముందు స్పష్టంగా పెట్టినవాడు డేవిడ్ రికార్డో. 1817లో అచ్చయిన తన అర్థశాస్త్ర గ్రంథంలో ఆయన ఇంగ్లండు, పోర్చుగల్ దేశాలను ఉదాహరణగా తీసుకున్నాడు. కొంత గుడ్డ నేయడానికి ఇంగ్లండులో 100 మంది ఏడాది పని చేయాలి, పోర్చుగల్‌లో 90 మంది చాలు. కొంత ద్రాక్షసారాకు ఇంగ్లండులో 120 మంది కావాలి, పోర్చుగల్‌లో 80 మంది చాలు. రెండింటిలోనూ పోర్చుగలే ముందు. అయినా పోర్చుగల్ సారా అమ్మి ఇంగ్లండు గుడ్డ కొనుక్కుంటేనే ఇద్దరికీ మేలని ఆయన చూపించాడు. పోర్చుగల్ 80 మంది శ్రమతో చేసిన సారా ఇచ్చి, తాను చేసుకుంటే 90 మంది పట్టే గుడ్డను పొందుతుంది. ఇంగ్లండు 100 మంది శ్రమతో చేసిన గుడ్డ ఇచ్చి, తాను చేసుకుంటే 120 మంది పట్టే సారాను పొందుతుంది. ఆ అంకెలు కూడా మన అప్పడాల అంకెల్లాగే వాదన కోసం అనుకున్నవి. మన ఉదాహరణలో పెద్ద తోడికోడలు పోర్చుగల్, చిన్న తోడికోడలు ఇంగ్లండు.

9.5 ఒకే ఊరు, రెండు సరుకులు

ఇక కల్పిత అంకెలు వదిలి ఒక నిజమైన ఊరి దగ్గరికి వెళదాం.

1904 ఫిబ్రవరిలో భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ జంషెడ్‌జీ టాటాకు ఒక ఉత్తరం రాశారు. మయూర్‌భంజ్ సంస్థానంలోని గోరుమహిసాని కొండల్లో మేలైన ఇనుప ఖనిజం ఉందని అందులో తెలిపారు. జంషెడ్‌జీ ఆ ఏడాది మే నెలలోనే మరణించారు. ఆయన వారసులు 1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీని స్థాపించారు. ఖనిజం గోరుమహిసాని నుంచి, బొగ్గు ఝరియా నుంచి, నీరు సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నుంచి. ఆ రెండు నదులూ కలిసేచోటికి దగ్గరలో ఉన్న సాక్చి అనే పల్లెను ఎంచుకున్నారు. బెంగాల్ నాగపూర్ రైలు మార్గం, కాళీమాటి స్టేషను దగ్గరలోనే ఉన్నాయి. 1911 డిసెంబరులో పిగ్ ఐరన్, అంటే బ్లాస్ట్ ఫర్నేసు నుంచి మొదట వచ్చే ముడి ఇనుము, తయారైంది. 1912 ఫిబ్రవరిలో ఉక్కు వచ్చింది. 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. కాళీమాటి స్టేషను టాటానగర్ అయింది.

ఖనిజం, బొగ్గు, నీరు, రైలు ఇంత దగ్గరగా కుదరడం ప్రకృతి, స్థలం ఇచ్చిన ప్రయోజనం. దాని ఫలితం పిగ్ ఐరన్‌లో కనిపించింది. 1920లలో భారతదేశపు పిగ్ ఐరన్ ప్రపంచంలోనే చవకైన వాటిలో ఒకటి. జపాను దాన్ని పెద్ద ఎత్తున కొనేది. మరి అదే ఊళ్ళో, అదే ఖనిజంతో చేసిన ఉక్కు సంగతి? మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ధరలు పడిపోయాయి. బెల్జియం వంటి ఐరోపా దేశాల ఉక్కు మన రేవుల్లోకే చవకగా వచ్చి చేరింది. జంషెడ్‌పూర్ ఉక్కు దానితో పోటీ పడలేకపోయింది. 1924లో కంపెనీ దగ్గర రోజువారీ ఖర్చులకే డబ్బు కరువైంది. అధ్యక్షుడు దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, భార్య నగలను కూడా తాకట్టు పెట్టి అప్పు తెచ్చారు.

ఎందుకిలా జరిగింది? పిగ్ ఐరన్ ఖర్చులో పెద్ద భాగం ఖనిజానిది, బొగ్గుది. ఇవి మనకు చవక. ఉక్కుకు వాటితోపాటు ఖరీదైన యంత్రాలు, అనుభవం ఉన్న చేతులు కావాలి. యంత్రాలు విదేశాల నుంచి వచ్చాయి. అమెరికా, బ్రిటన్, జర్మనీల నుంచి నిపుణులను ఎక్కువ జీతాలకు తెచ్చుకోవలసి వచ్చింది. స్థానిక కార్మికులు ఇంకా పని నేర్చుకునే దశలో ఉన్నారు. కొండలో ఖనిజం ఉన్నంత మాత్రాన ఉక్కు తయారీలో ప్రయోజనం రాదని దీన్ని బట్టి తెలుస్తుంది.

రికార్డో లెక్కను 1923 నాటి ఖర్చులకు అలాగే వర్తింపజేస్తే వచ్చే సలహా ఒకటే: జంషెడ్‌పూర్ పిగ్ ఐరన్ అమ్ముకోవాలి, ఉక్కును ఐరోపా నుంచి కొనుక్కోవాలి. జార్జి రెయినీ అధ్యక్షుడుగా, వి.జి. కాలే, పి.పి. గిన్‌వాలా సభ్యులుగా 1923లో ఏర్పడిన టారిఫ్ బోర్డు ముందు ఈ వాదన, దీనికి ఎదురు వాదన రెండూ నిలిచాయి. నేర్చుకునే వ్యవధి ఇస్తే ఉక్కులో కూడా ఈ ఊరు నిలదొక్కుకుంటుందన్నది ఎదురు వాదన. బోర్డు రెండోదాన్ని ఒప్పుకుంది. 1924లో ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది. దిగుమతి ఉక్కు మీద సుంకాలు పెంచారు. రైలు పట్టాల తయారీకి ప్రభుత్వ ఖజానా నుంచి సహాయం ఇచ్చారు. పిగ్ ఐరన్‌కు మాత్రం రక్షణ ఇవ్వలేదు. దానికి అవసరం లేదు. ఒకే కంపెనీ తయారుచేసే రెండు సరుకుల విషయంలో ఒకదానికి రక్షణ, మరొకదానికి అక్కరలేదు! తులనాత్మక ప్రయోజనం ఊరిని బట్టే కాదు, సరుకును బట్టి కూడా ఉంటుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కర లేదు.

రక్షణ ఉచితంగా రాదు. ఉక్కు కొన్న ప్రతివారూ దాని ధరలో ఆ సుంకం భారం మోశారు. ఆ కాలంలో నాగలి కర్రు చేయించుకున్న రైతు జంషెడ్‌పూర్ కార్మికుడి శిక్షణకు తనకు తెలియకుండానే కొంత చెల్లించాడన్న మాట. ఈ విషయంలో ఆ చెల్లింపు వృథా కాలేదనే ఈ రచయిత అభిప్రాయం. ఊరు పని నేర్చుకుంది, రక్షణ లేకుండా నిలబడగలిగింది. కానీ రక్షణ పొందిన ప్రతి పరిశ్రమా ఇలా నేర్చుకుంటుందని అనుకోవడానికి వీల్లేదు. ఎన్నేళ్ళు ఇవ్వాలి, ఎప్పుడు తీసివేయాలి అన్నది అడగకుండా రక్షణ ఇస్తే నేర్చుకోవలసిన అవసరమే ఉండదు. పాఠ్యగత ప్రశ్న 3కు మీరు రాసిన జవాబును దీనితో పక్కపక్కన పెట్టి చూడండి. చిన్న తోడికోడలు శిక్షణకు వెళ్ళిన నెలలో ఆమె అప్పడాల ఆదాయం పోయి ఉంటుంది కదా? ఆ నష్టాన్ని ఎవరో ఒకరు భరించి ఉండాలి.

9.6 దారి ఖర్చు

రికార్డో లెక్కలో సారా పీపా ఓడెక్కి వెళ్ళడానికి ఖర్చు లేదు. నిజ జీవితంలో ఉంటుంది. ఉక్కు బరువైన సరుకు కాబట్టి ఇంకా ఎక్కువ ఉంటుంది. గనుల దగ్గర ఉన్న ఊళ్ళో ఉక్కు చవకగా దొరికితే, ఆ ఉక్కుతో వస్తువులు చేసే చిన్న కార్ఖానాలు కూడా అక్కడికే రావడం సహజం.

1950ల నుంచి 1990ల ఆరంభం వరకు కేంద్ర ప్రభుత్వం రవాణా ఛార్జీల సమానీకరణ అనే విధానాన్ని పాటించింది. దీని ప్రకారం ఉక్కు ధరలో రైలు ఛార్జీని దేశమంతటికీ ఒకేలా కలిపేవారు. ఉక్కు కర్మాగారం పక్కనే ఉన్న షెడ్డుకూ, వెయ్యి మైళ్ళ దూరంలో ఉన్న షెడ్డుకూ ఒకటే ధర. పరిశ్రమలు దేశమంతా విస్తరించాలన్నది ఉద్దేశం. అది కొంత నెరవేరింది కూడా. పశ్చిమాన, దక్షిణాన ఉన్న కార్ఖానాలకు మేలు జరిగింది. కానీ తూర్పు రాష్ట్రాలకు దగ్గరతనం వల్ల రావలసిన ప్రయోజనం పోయింది. ఆ రాష్ట్రాలు కొనుక్కునే పత్తికి మాత్రం ఇలాంటి సమానీకరణ లేదు. 2000 నవంబరు 15న జార్ఖండ్ ఏర్పడేవరకు ఆ ప్రాంతం బీహారులో ఉండేది. ఈ విధానం మీద అక్కడ ఎన్నాళ్ళుగానో వినిపించిన ఫిర్యాదుకు అర్థశాస్త్రంలో బలమైన ఆధారమే ఉంది.

ఇదే దృష్టితో విశాఖపట్నం ఉక్కు కర్మాగారాన్ని చూడండి. 1971లో శంకుస్థాపన జరిగి, 1992లో జాతికి అంకితమైన ఈ కర్మాగారం సొంత ఇనుప గనులు లేకుండానే మొదలైంది. ఖనిజం ప్రధానంగా బైలాదిల్లా నుంచి కొనుక్కుంటుంది. ఆ లెక్కన జంషెడ్‌పూర్‌కంటే వెనకబడినట్టే. కానీ అది సముద్రతీరంలో ఉంది. మన దేశపు కోకింగ్ బొగ్గులో బూడిద ఎక్కువ. అందువల్ల ఉక్కు కర్మాగారాలు ఆస్ట్రేలియా వంటి దేశాల నుంచి బొగ్గు తెప్పించుకుంటాయి. ఓడ దిగిన బొగ్గు విశాఖకు గడప దగ్గరే. ఝరియా పక్కనే ఉన్నా జంషెడ్‌పూర్ ఇప్పుడు విదేశీ బొగ్గు కూడా వాడుతుంది. దాన్ని రేవు నుంచి రైలులో తెచ్చుకోవాలి. 1907లో మేలనిపించిన స్థలానికి ఒక శతాబ్దం తరువాత లెక్క కొంత మారింది.

9.7 పని మారడం అంత సులువా?

మన లెక్కలో చిన్నామె సోమవారం కుట్టడం మానేసి మంగళవారం అప్పడాల పీట ముందు కూర్చుంది. మధ్యలో ఏ కష్టమూ లేదు. ఊళ్ళ విషయంలో ఇలా జరగదు. 1991 తరువాత దిగుమతి సుంకాలు తగ్గాయి, పోటీ పెరిగింది, జంషెడ్‌పూర్ కర్మాగారంలో కొత్త యంత్రాలు వచ్చాయి. 1990ల తొలి ఏళ్ళలో కంపెనీ ఉద్యోగులు డెబ్బై వేలకు పైగా ఉండేవారు. తరువాతి పన్నెండు పదిహేనేళ్ళలో ఆ సంఖ్య దాదాపు సగానికి తగ్గింది. ఉక్కు ఉత్పత్తి మాత్రం పెరిగింది. చాలామంది ముందస్తు విరమణ పథకం కింద నెలనెలా డబ్బు అందే ఏర్పాటుతో బయటికి వచ్చారు. కాబట్టి ఆ కుటుంబాలు ఒక్కసారిగా వీధిన పడలేదు. అయితే తండ్రి తరువాత కొడుక్కి ఆ గేటు లోపల పని దొరుకుతుందన్న నమ్మకం మీద బతికిన పేటల్లో ఆ నమ్మకం పోయింది. నలభై అయిదేళ్ళ ఫర్నేసు కార్మికుడు మర్నాటికి కంప్యూటరు మెకానిక్ కాలేడు. దేశం మొత్తానికి లాభం వచ్చిందని చూపే లెక్క, ఆ ఇంటి లెక్క ఒకే కాగితం మీద ఇమడవు. పరీక్షలో "తులనాత్మక వ్యయ సిద్ధాంతం పరిమితులు" అని అడిగితే ఈ పేరాను దృష్టిలో ఉంచుకుని జవాబు రాయండి.

పాఠ్యగత ప్రశ్న 4
మీ ఇంట్లో గానీ మీరు పనిచేసే చోట గానీ ఇద్దరు మనుషులు, రెండు పనులు తీసుకోండి. ఎవరికి ఏ పనికి ఎంత సమయం పడుతుందో వారం రోజులు గమనించి రాసుకోండి. ఇప్పుడు ఉన్న పంపకం తులనాత్మక ప్రయోజనం ప్రకారం ఉందా? లేకపోతే కారణం ఏమిటి?

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు

1. జాకెట్లలో పెద్ద కోడలికి (2 గంటలు, 8 గంటలు), అప్పడాల్లో అత్తగారికి (3 గంటలు, 4 గంటలు) నిరపేక్ష ప్రయోజనం ఉంది.

2. ఇక్కడ ఇచ్చినవి గంటకు తయారయ్యే వస్తువులు. మొదటి షెడ్డు ఒక బుష్ కోసం 3 బోల్టులు వదులుకుంటుంది. రెండోది 2 బోల్టులు వదులుకుంటుంది. బుష్‌లలో తులనాత్మక ప్రయోజనం రెండో షెడ్డుది, బోల్టులలో మొదటిది. ఒక బుష్‌కు 2 కంటే ఎక్కువ, 3 కంటే తక్కువ బోల్టులు మారితే ఇద్దరికీ లాభం.

3. (అ) ఇప్పుడు చిన్నామెకు కూడా వంద అప్పడాల అవకాశ వ్యయం 2 జాకెట్లు. ఇద్దరి నిష్పత్తి ఒకటే కాబట్టి మార్పిడి వల్ల లాభం లేదు. పెద్దామె రెండు పనుల్లోనూ వేగంగా ఉన్న మాట నిజమే. లాభం వేగంలోని తేడా వల్ల కాక నిష్పత్తిలోని తేడా వల్ల వస్తుంది. (ఆ) చిన్నామెకు వంద అప్పడాల అవకాశ వ్యయం 3 జాకెట్లు, పెద్దామెకు 2. అప్పడాల్లో తులనాత్మక ప్రయోజనం ఇప్పుడు పెద్దామెది. జాకెట్లు చిన్నామె కుట్టాలి.

4. జవాబు మీరు రాసుకున్న అంకెలను బట్టి ఉంటుంది. పంపకం లెక్క ప్రకారం లేదని తేలితే, అలవాటు, వయసు, ఆడ మగ తేడా, "ఇది మా ఇంటి పని కాదు" అనే పట్టింపు వంటి కారణాల్లో ఏది వర్తిస్తుందో రాయండి. మీ జవాబును అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతికి తీసుకువెళ్ళి మిగతా విద్యార్థుల జవాబులతో పోల్చి చూడండి.